గుండె లయ – క్లోరోఫారం: హైదరాబాదు వైద్యుడు ఎడ్వర్డ్ లారీ జీవితం

మానవ దేహంలో తల్లిగర్భం నుండి తుదిశ్వాస వరకు విశ్రాంతి ఎరుగని అవయవం గుండె. నిమిషానికి 72 సార్ల చొప్పున లెక్కించినా ఒక దినంలో అది లక్షసార్లకు పైగా స్పందిస్తుంది. భయం కలిగితే గుండె ఝల్లుమన్నదని తెలుగువారంటారు. ప్రేమ కలిగినా, దుఃఖం కలిగినా దిల్ ధడకన్ ప్రస్తావన లేకుండా ఉర్దూ కవికి పొద్దుపోదు. ఐతే కవులకు ఎంతో కాలంగా పరిచితమైన ఈ లయ వైద్యులకు అంత సులభంగా పట్టుబడలేదు. గుండె కదలిక తప్పినపుడు ఏమి జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది, దానిని తిరిగి దారికి తెచ్చుట ఎట్లు అనే ప్రశ్నలకు సమాధానం దొరకడానికి నూరేండ్లకు పైగా పట్టింది. ఆ అన్వేషణలో ఒక ముఖ్యఘట్టం మన హైదరాబాదులో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో జరిగిందన్న సంగతి మన విద్యార్థులలో చాలమందికి తెలియదు. ఆ ఘట్టానికి నాయకుడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఆయన సాధించినవాటిని, పొరబడినవాటిని కూడ పక్కపక్కన పెట్టి చూచినపుడే ఆయన జీవితం మనకు బోధపడుతుంది.

1846వ సంవత్సరం ఈ కథకు ప్రారంభం. ఆ సంవత్సరమే లారీ జన్మించారు. ఆ సంవత్సరమే అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ వాయువుతో రోగికి స్మృతి తప్పించి, బాధలేని శస్త్రచికిత్స సాధ్యమని లోకానికి చూపించాడు. ఆ సంవత్సరమే హైదరాబాదులో నాల్గవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో ఉర్దూ మాధ్యమంతో వైద్యపాఠశాల వెలసింది. రెసిడెన్సీ వైద్యుడు మెక్లీన్ ఔషధం ఇవ్వకుండా ఆహారనియమంతోనే నిజాం వ్యాధిని అదుపు చేశాడని, ఆ సంతోషంతో తన ప్రజలు కూడ ఈ విద్యను నేర్వాలని నిజాం కోరాడని చెబుతారు. ఈ మూడు సంఘటనలకు అప్పుడు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. నలభై ఏండ్ల తరువాత మూడూ ఒకేచోట కలిశాయి.

ఈథర్ వచ్చిన మరుసటి ఏడు, 1847 నవంబరులో, స్కాట్లండు రాజధాని ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ అనే ప్రసూతివైద్యుడు క్లోరోఫారం ప్రవేశపెట్టాడు. అది ఈథర్ కంటె సువాసన గలది, త్వరగా పనిచేసేది, వెంట తీసుకుపోవడానికి సులువైనది. కత్తి పేరు వింటేనే వణికిపోయే రోగులకు అది దైవదత్తమైన వరంలా తోచింది. కాని మూడు మాసాలు తిరగకముందే, 1848 జనవరి 28వ తేదీన, ఉత్తర ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, రెండు మూడు నిమిషాలలోనే ప్రాణం విడిచింది. శస్త్రచికిత్స అల్పం, రోగి బాల, ఆరోగ్యవంతురాలు. మరి మరణం ఎట్లు సంభవించింది? ఆనాటి నుండి ఏటేటా అక్కడొకటి ఇక్కడొకటిగా ఇట్టి మరణాలు జరుగుతూనే ఉన్నాయి. వైద్యలోకం రెండుగా చీలింది.

లండను వైద్యులలో ప్రముఖుడైన జాన్ స్నో ఇట్టి ఆకస్మిక మరణాలలో ముందు ఆగేది గుండె అని భావించాడు. కనుక మత్తు ఇచ్చేవాడు నాడి పట్టి చూస్తుండాలని ఆ పక్షంవారి మతం. ఎడిన్‌బరో పక్షంవారు దీనికి అంగీకరించలేదు. క్లోరోఫారం గుండెను నేరుగా తాకదనీ, ముందు ఊపిరి ఆగుతుందనీ, ఊపిరి ఆగిన పిమ్మటనే గుండె ఆగుతుందనీ వారి సిద్ధాంతం. కనుక నాడి జోలికి పోక శ్వాసనే కనిపెట్టి ఉండాలని వారు బోధించారు. ఈ పక్షానికి పెద్దదిక్కు ఎడిన్‌బరోలోని సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్. క్రిమిరహిత శస్త్రచికిత్సకు మూలపురుషుడైన లిస్టర్ ఈ సైమ్‌కు అల్లుడు. ఈ విషయంలో ఆయనదీ మామగారి మార్గమే.

ఈ సైమ్ వద్దనే ఎడ్వర్డ్ లారీ శస్త్రవిద్య నేర్చారు. గురువు మీద శిష్యునికి గల భక్తి సామాన్యమైనది కాదు. సైమ్ 1870లో కాలధర్మం చెందినా ఆయన చూపిన పద్ధతిని లారీ కడదాకా విడిచిపెట్టలేదు. తరువాత ఆయన భారత వైద్యసేవలో చేరి ఈ దేశానికి వచ్చారు. కొంతకాలం లాహోరులో శస్త్రవైద్యం బోధించారు. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా నియమితులై, వైద్యపాఠశాల బాధ్యతనూ, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి బాధ్యతనూ స్వీకరించారు. అప్పటినుండి 1901 వరకు, అంటే సుమారు పదునారేండ్లు, హైదరాబాదే ఆయన కర్మభూమి.

అది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పరిపాలనకాలం. రాజ్యంలో నూతన సంస్థలు చిగురిస్తున్న రోజులు. సికిందరాబాదు నుండి ఓరుగల్లు వైపు రైలుమార్గం సాగి, 1889 నాటికి బెజవాడ చేరింది. జనగామ, ఘనపూర్ స్టేషన్లు ఆ మార్గంలోనివే. అంతకుముందు జఫర్‌గఢ్ ప్రాంతపు రోగి రాజధాని చేరాలంటే ఎడ్లబండిలో దినాల తరబడి ప్రయాణం చేయవలసి వచ్చేది. రైలు వచ్చిన తరువాత ఘనపూరులో ఎక్కితే మరునాటికి మూసీ ఒడ్డున ఉండవచ్చు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి మూసీ ఒడ్డుననే ఉండేది. రాజ్యం నలుమూలల నుండి వచ్చే పేదరోగులే లారీకి నిత్యం ఎదురయ్యే జనం.

లారీ కాలంలోనే, 1885లో, ఆ వైద్యపాఠశాలలో స్త్రీలకు ప్రవేశం లభించింది. ఆ తొలి విద్యార్థినులలో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి. ఆమె హకీం పట్టం పొంది, 1889 నుండి 1917 వరకు హైదరాబాదు ఆసుపత్రులలో మత్తువైద్యురాలిగా పనిచేశారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి పై చదువులు చదివి వచ్చారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యులలో ఆమె ఒకరని చరిత్రకారులు లెక్కిస్తారు. పరదా చాటున వైద్యం చేయించుకోక మరణించే స్త్రీలు అసంఖ్యాకంగా ఉన్న ఆ రోజులలో ఒక స్త్రీ చేత మత్తు పుచ్చుకునే అవకాశం ఎంత మేలో మనం ఊహించవచ్చు. లారీ జీవితంలో మరేదీ లేకపోయినా ఈ ఒక్క విషయమే ఆయనను స్మరించడానికి చాలును.

ఇక ఆయన పద్ధతి. దూది ఉంచిన గరాటు ఆకారపు టోపీ ఒకటి. దానిమీద క్లోరోఫారం చల్లి రోగి ముక్కు వద్ద పట్టేవారు. రోగిని వెల్లకిల పరుండబెట్టి, ఛాతీ మీద, పొట్ట మీద బట్టలు వదులు చేసి, ఊపిరి ఆడుతున్న తీరును ఎడతెగకుండా కనిపెట్టేవారు. శ్వాసలో రవ్వంత అడ్డు కలిగినా, రోగి ఊపిరి బిగబట్టినా వెంటనే టోపీ తీసివేసి, దవుడ ముందుకు నెట్టి గాలిదారి తెరిచేవారు. నాడి పట్టుకునే అలవాటు ఉన్న సహాయకునికి అక్కడ చోటులేదు; నాడి మీద ధ్యాస పెడితే ఊపిరి మీద ధ్యాస తప్పుతుందని లారీ విశ్వాసం. ఈ క్రమశిక్షణతో ఆయనా, ఆయన శిష్యులూ వేలాదిమందికి మత్తు ఇచ్చారు. ఇంగ్లండులో జరిగే మరణాలవంటివి తన వద్ద జరగడంలేదని ఆయనకు గట్టి నమ్మకం ఏర్పడింది. ఆ నమ్మకాన్ని ప్రయోగం ద్వారా స్థిరపరచి లోకానికి చాటాలన్న సంకల్పం కలిగింది.

నిజాం ప్రభుత్వ సహాయంతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ ఏర్పడింది. నూటికి పైగా కుక్కలకు క్లోరోఫారం ఇచ్చి, మరణం సంభవించునపుడు ఊపిరి ముందా, గుండె ముందా అని పరిశీలించారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగినట్లు కనబడింది. ఫలితం లండను చేరింది. అక్కడి ప్రఖ్యాత వైద్యపత్రిక లాన్సెట్ దీనిని తేలికగా అంగీకరించలేదు. ఒక దేశీయ సంస్థానంలో జరిగిన ప్రయోగాలు ఐరోపా పండితుల పరిశోధనలను తలక్రిందులు చేయడం వారికి విడ్డూరంగా తోచింది. ఇక్కడ మన నిజాం ప్రభుత్వం చూపిన ఔదార్యం గమనింపదగింది. ప్రధానమంత్రి సర్ ఆస్మాన్ జా ద్వారా వేయి పౌన్ల ధనం అర్పించి, మీ ప్రతినిధినే పంపండి, మీ కన్నులతోనే చూడండి అని లాన్సెట్‌కు ఆహ్వానం వెళ్లింది. సందేహించినవారినే పరీక్షకులుగా పిలిచిన ఈ చర్యలో నిజాయితీ ఉన్నది, ధైర్యమూ ఉన్నది.

ఆ ప్రతినిధిగా వచ్చినవాడు సామాన్యుడు కాడు. గుండెనొప్పికి ఎమైల్ నైట్రైట్ ఔషధాన్ని 1867లోనే కనుగొన్న సర్ థామస్ లాడర్ బ్రంటన్ ఆయన. హైదరాబాదు చేరేనాటికి బ్రంటన్ కూడ క్లోరోఫారం వలన గుండెకు ముప్పు ఉన్నదని నమ్మినవాడే. 1889 అక్టోబరు నుండి డిసెంబరు వరకు రెండవ కమిషన్ పనిచేసింది. బ్రంటన్, లారీలతో పాటు బ్రిటిషు ప్రభుత్వం పక్షాన డాక్టర్ బామ్‌ఫర్డ్, నిజాం ప్రభుత్వం పక్షాన డాక్టర్ రుస్తుంజీ హకీం అందులో సభ్యులు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువుల మీద ప్రయోగాలు జరిగినట్లు బ్రంటన్ లండనుకు తంతి పంపాడు. వాటిలో నూట ఇరవై ప్రయోగాలలో రక్తపీడనాన్ని యంత్రం ద్వారా నమోదు చేశారు. తిరుగుతున్న గొట్టం మీద మసిపూసిన కాగితం చుట్టి, రక్తనాళానికి సంబంధించిన సన్నని పుల్ల దానిమీద గీత గీసేటట్లు అమర్చిన సాధనం అది. అన్ని గీతలనూ ఛాయాచిత్రాలు తీశారు. నేటి దృష్టితో ఇన్ని మూగజీవాల బలి మన మనస్సును కలచివేస్తుంది. ఆనాటి ప్రమాణాల ప్రకారం అది అపూర్వమైన శాస్త్రీయకృషి.

ఫలితం మారలేదు. ఊపిరి ఆగుటయే ప్రమాదం, గుండెకు నేరుగా ముప్పు లేదని కమిషన్ తీర్పు చెప్పింది. సందేహంతో వచ్చిన బ్రంటన్ లారీ పక్షానికి మారిపోయాడు. సమగ్రనివేదిక 1891లో బొంబాయిలో అచ్చయ్యింది. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్యశాస్త్రంలో మారుమోగింది. ఒక దేశీయ సంస్థానం ఖర్చుతో, ఒక దేశీయ సంస్థానంలో జరిగిన పరిశోధన లండను, ఎడిన్‌బరో, కేంబ్రిడ్జి పండితుల మధ్య చర్చనీయాంశమైనది. మనవారు గర్వించదగిన సందర్భమే అది.

కాని మరణాలు ఆగలేదు. ఆసుపత్రులలో, ఊపిరి చక్కగా ఆడుతున్న రోగులు కూడ, మత్తు ఇంకా పూర్తిగా ఎక్కకముందే ఒక్కసారి పాలిపోయి, నాడి అందక, చూస్తుండగానే కన్నుమూస్తున్నారు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే శాస్త్రజ్ఞులు కొత్తరకపు ప్రయోగాలు చేసి, క్లోరోఫారం గుండె మీద నేరుగా పనిచేస్తుందని చూపించి హైదరాబాదు తీర్పును విమర్శించారు. లారీ వెనుకకు తగ్గలేదు. తనవద్ద జరగని మరణాలు వేరొకచోట జరిగితే అవి మత్తు ఇచ్చినవాడి అజాగ్రత్త వలననే జరిగాయని ఆయన వాదించారు. ఆయన పట్టుదల మరొక విషయంలో కూడ కనబడుతుంది. మలేరియా రోగుల రక్తంలో లావెరాన్ చూచిన పరాన్నజీవులను ఆయన అంగీకరించలేదు. ఆ జీవులు దోమ దేహంలో పెరిగే తీరును రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో కనుగొన్నది లారీ ఆసుపత్రికి కొద్ది మైళ్ల దూరంలోని సికిందరాబాదులోనే కావడం విధివిలాసం.

లారీ ఎక్కడ పొరబడ్డారో తెలియడానికి మనం 1889వ సంవత్సరానికే తిరిగి వెళ్లాలి. హైదరాబాదులో రెండవ కమిషన్ పనిచేసిన ఆ సంవత్సరమే స్కాట్లండులోని అబర్డీన్ నగరంలో జాన్ మెక్‌విలియం అనే శరీరశాస్త్రజ్ఞుడు మరొక దారి పట్టాడు. మనుష్యులలో ఆకస్మిక మరణానికి కారణం తరచుగా గుండె నిశ్చలంగా ఆగిపోవడం కాదనీ, లయ తప్పి వణకడమనీ ఆయన వాదించాడు. గుండెలో క్రింది గదులను జఠరికలు అంటారు. రక్తాన్ని దేహమంతటికీ నెట్టేవి అవే. వాటి కండర తంతువులన్నీ ఒక్కసారిగా ముడుచుకుంటేనే రక్తం ముందుకు సాగుతుంది. ఒక్కొక్క తంతువు తన ఇష్టం వచ్చినట్లు అదురుతుంటే గుండె కదులుతూనే ఉంటుంది, కాని ఒక్క చుక్క రక్తమైనా ముందుకు పోదు. పెండ్లి బరాతులో వాయిద్యగాండ్రందరూ ఎవరి తాళం వారు వాయిస్తే చప్పుడు ఉంటుంది గాని పాట ఉండదు కదా, అట్టిదే ఈ స్థితి. దీనినే జఠరికా కంపనం, ఆంగ్లపరిభాషలో ఫిబ్రిలేషన్ అంటారు. విద్యుత్ తాడనాలతో మందగించిన గుండెను నడిపించవచ్చునని కూడ మెక్‌విలియం ఆ ఏటనే సూచించాడు. ఆనాడు ఆయన మాట విన్నవారు తక్కువ.

ఈ రెండు దారులు కలిసింది 1911లో. లండనులో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫారం తక్కువ మోతాదులో, అంటే పైపై మత్తులో ఉన్నపుడే, ప్రమాదం ఎక్కువని నిరూపించాడు. భయం, పెనుగులాట, నొప్పి కలిగినపుడు దేహంలో ఎడ్రినలిన్ అనే రసం ఊరుతుంది. క్లోరోఫారం వలన సున్నితమైపోయిన గుండెకు ఆ రసం తగలగానే జఠరికలు కంపించసాగుతాయి. మరునిమిషంలో మరణం. లెవీ, థామస్ లూయిస్‌తో కలిసి, విద్యుత్ లేఖనం ద్వారా ఆ కంపనాన్ని గీతల రూపంలో పట్టి చూపించాడు. అట్టి లేఖనానికి ఆధారమైన సున్నితయంత్రాన్ని హాలండుదేశపు విల్లెం ఐంథోవెన్ ఇరువదవ శతాబ్ది ప్రారంభంలో నిర్మించాడు. దానికే 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నేడు జిల్లా ఆసుపత్రులలో కూడ తీస్తున్న ఇ.సి.జి. దాని సంతానమే.

ఇప్పుడు మనకు రెండు సంగతులు స్పష్టమవుతాయి. లారీ ఆయన కమిషను చూచినది అబద్ధం కాదు. క్లోరోఫారం మోతాదు మించినపుడు ఊపిరే ముందు ఆగుతుంది; గుండె తరువాత ఆగుతుంది. కమిషను జంతువులను చాలభాగం ఆ మార్గంలోనే చంపింది, ఆ మార్గంలోని మరణాన్నే చూచింది. హన్నా గ్రీనర్ మరణం తీరు వేరు. భయంతో వణుకుతూ, పైపై మత్తులో, కొన్ని క్షణాలలో వచ్చే మరణం అది. ఆ మరణానికి కావలసిన పరిస్థితులు ప్రయోగశాలలో ఏర్పడలేదు. రెండవది సాధనం లోపం. మసికాగితం మీద గీత రక్తపీడనం ఎంత పడిపోయిందో చెబుతుంది. ఏ లయ తప్పి పడిపోయిందో చెప్పదు. తన సాధనానికి అందనిది ప్రకృతిలోనే లేదనుకొనడం లారీ చేసిన పొరపాటు. ఐదారు వందల ప్రయోగాలైనా, వేయి ప్రయోగాలైనా, ఒకే మార్గంలో చేసినపుడు ఒకే సమాధానం ఇస్తాయి. సంఖ్య ప్రశ్నకు ప్రత్యామ్నాయం కాదు.

ఐతే ఆయన రోగులు క్షేమంగా ఎట్లు బయటపడ్డారు? అది కేవలం అదృష్టం కాదని మా అభిప్రాయం. గాలిదారి తెరిచి ఉంచడం, ఊపిరిని క్షణక్షణం కనిపెట్టడం, మోతాదు మించనీయకపోవడం, రోగిని వెల్లకిల పరుండబెట్టడం అనే ఆయన నియమాలు ఎన్నో ప్రాణాలను కాపాడి ఉంటాయి. ఆయన సిద్ధాంతం తప్పు, ఆచరణలో అధికభాగం ఒప్పు. సిద్ధాంతం మీద అతివిశ్వాసంతో నాడిని చూడవద్దని శాసించడమే ఆ ఆచరణలోని లోపం. తన చేతిలో సురక్షితమైన పద్ధతిని అందరికీ సురక్షితమని ఆయన బోధించారు. ఆ బోధను నమ్మి, క్లోరోఫారం గుండెను తాకదన్న ధీమాతో, ఇతరదేశాలలో ఎందరో వైద్యులు దానిని మరికొన్ని దశాబ్దాలు వాడారు. ఆ ధీమాకు మూల్యం చెల్లించినవారు రోగులు. ఈ మాట వ్రాయడం కష్టమే. వ్రాయక దాటవేయడం అంతకంటె తప్పు.

లారీ 1901లో హైదరాబాదు విడిచి స్వదేశం వెళ్లారు. ఆ సంవత్సరమే విద్యార్థుల కొరకు క్లోరోఫారం మీద ఒక కరదీపికను ప్రకటించారు. అందులో కూడ ఆయన మతం మారలేదు. 1915లో మరణించారు. లెవీ పరిశోధన వెలువడిన తరువాత నాలుగేండ్లు ఆయన జీవించి ఉన్నారు. ఆయన నడిపిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి అప్పటికే లేదు. 1908 సెప్టెంబరులో మూసీనదికి వచ్చిన మహాప్రళయంలో అది కొట్టుకుపోయింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఆ ఒడ్డుననే ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచింది. వైద్యపాఠశాల ఉస్మానియా వైద్యకళాశాలగా మారి నేటికీ వర్ధిల్లుతున్నది. క్లోరోఫారం మాత్రం ఇరువదవ శతాబ్ది మధ్యభాగానికి వైద్యం నుండి క్రమంగా నిష్క్రమించింది.

క్లోరోఫారం పోయింది గాని అది రేపిన ప్రశ్న పోలేదు. లయ తప్పిన గుండెను ఏమి చేయాలి? 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గుండె కుడివైపు పైగదిలో దాని సహజ నియామకస్థానాన్ని కనుగొన్నారు. మృదంగ విద్వాంసుని వలె అక్కడినుండే ప్రతి స్పందనకు తాళం వేయబడుతుంది. అక్కడ పుట్టిన సన్నని విద్యుత్తు నిర్ణీతమైన దారిలో జఠరికలకు చేరుతుంది. తాళం మందగించవచ్చు, దారి తెగిపోవచ్చు, లేదా దారిలో అదనపు మెలిక ఏర్పడి విద్యుత్తు సుడి తిరగవచ్చు. నూతన చికిత్సలన్నీ ఈ మూడు దోషాలకు సమాధానాలే.

కంపిస్తున్న జఠరికలను ఒక్క విద్యుత్ ఘాతంతో స్తబ్ధం చేస్తే, సహజ నియామకస్థానం తిరిగి పగ్గం అందుకుంటుంది. అమెరికాలో క్లాడ్ బెక్ 1947లో శస్త్రచికిత్స సమయంలో ఒక పదునాలుగేండ్ల బాలుని ఈ విధంగా బ్రతికించాడు. ఛాతీ తెరవకుండానే బయటి నుండి ఈ ఘాతం ఇచ్చే పద్ధతిని పాల్ జోల్ 1956లో ప్రకటించాడు. లారీ కాలంలో ఇట్టి యంత్రమే ఉన్నట్లయితే హన్నా గ్రీనర్ వంటివారు లేచి ఇంటికి నడిచిపోయేవారేమో. మందగించిన తాళానికి కృత్రిమ తాళం పేస్‌మేకర్. దానిని మొదటిసారి 1958 అక్టోబరు 8వ తేదీన స్వీడన్‌లో సెన్నింగ్, ఎల్మ్‌క్విస్ట్‌లు ఒక రోగి దేహంలో అమర్చారు. ఆ రోగి తన జీవితకాలంలో ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుని 2001 వరకు జీవించాడు. 1980 ఫిబ్రవరి 4వ తేదీన అమెరికాలో మిరోవ్‌స్కీ బృందం, లయ తప్పగానే తానే గుర్తించి ఘాతం ఇచ్చే చిన్న యంత్రాన్ని తొలిసారి దేహంలో నిలిపింది.

ఆ తరువాత మార్గం మరింత సూక్ష్మమైనది. తొడ రక్తనాళం గుండా సన్నని తీగ గుండెలోకి పంపి, విద్యుత్తు సుడి తిరిగే చోటును పటం గీసినట్లు గుర్తించి, ఆ బిందువును మాత్రమే వేడితో మాడ్చివేసే అబ్లేషన్ చికిత్స 1980 దశకం చివర నుండి వ్యాపించింది. పైగదుల కంపనానికి మూలం తరచుగా ఊపిరితిత్తుల నుండి వచ్చే సిరలలో ఉన్నదని 1998లో ఫ్రాన్సులోని బోర్డో వైద్యులు చూపించారు. గుండెలోనే ఇమిడిపోయి, తీగలు అక్కరలేని గుళికవంటి పేస్‌మేకరుకు అమెరికాలో 2016లో అనుమతి లభించింది. వేడికి బదులు అతిస్వల్పకాలపు విద్యుత్ స్పందనలతో దోషమున్న కణాలను మాత్రమే తొలగించే మరొక పద్ధతికి అక్కడ 2023 డిసెంబరులో అనుమతి వచ్చింది. పక్కనున్న అన్నవాహికకు, నాడులకు దాని వలన హాని తక్కువని వైద్యులు ఆశిస్తున్నారు. ఇందులో లారీ జీవితం నుండి మనం నేర్వవలసిన పాఠం ఒకటి ఉన్నది. నూతనమైన ప్రతి పద్ధతినీ, అది ఎంత మెరిసినా, ఎక్కడ పనిచేయదో, ఎవరికి హానిచేస్తుందో కూడ వెదుకుతూనే ఉండాలి. మంచి ఫలితాలను లెక్కపెట్టడం మాత్రమే చాలదు.

నేడు శస్త్రచికిత్సా మందిరంలో రోగి తలవద్ద ఒక తెర ఉంటుంది. దానిమీద ఒక గీత గుండె లయను చూపుతుంది. మరొక గీత ఊపిరిని చూపుతుంది. రక్తంలోని ప్రాణవాయువు పాలు అంకెలలో కనబడుతుంది. నాడిని చూడుమన్న లండను పక్షమూ, ఊపిరిని చూడుమన్న ఎడిన్‌బరో పక్షమూ ఆ ఒక్క తెర మీద రాజీపడ్డాయి. అరువది ఏండ్లు పోరాడిన రెండు పక్షాలలో ఒక్కటీ పూర్తిగా గెలువలేదు, ఒక్కటీ పూర్తిగా ఓడలేదు. గెలిచినది రోగి.

ఓరుగల్లు, జనగామ, జఫర్‌గఢ్ ప్రాంతాల నుండి ఏటా మన విద్యార్థులు ఎందరో వైద్యవిద్య మీద ఆశతో బయలుదేరుతున్నారు. గుండె దడ కలిగినపుడు గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో తాయెత్తు కట్టించి ఊరకుండే కుటుంబాలు ఇప్పటికీ మన పల్లెలలో ఉన్నాయి. అకస్మాత్తుగా స్పృహ తప్పి పడిపోవడం, కారణం లేకుండా గుండె అతివేగంగా కొట్టుకోవడం, నాడి మరీ మందగించి కళ్లు తిరగడం – ఇవన్నీ ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకుపోవలసిన లక్షణాలు. ఒక్క ఇ.సి.జి. కాగితం అసలు సంగతి చెప్పగలదు. చదువుకున్న పిల్లలు ఈ మాట ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి చెప్పడం కూడ ఒక సేవయే.

ఎడ్వర్డ్ లారీని మనం ఎట్లు జ్ఞాపకం ఉంచుకోవాలి? పరదేశం నుండి వచ్చి, మన పేదరోగుల ఊపిరిని కంటికి రెప్పలా కాచినవానిగా. మన స్త్రీలకు వైద్యవిద్య ద్వారం తెరిచిన పాఠశాలకు పెద్దగా. సందేహించినవారిని పిలిచి పరీక్షింపుమన్న ధైర్యశాలిగా జ్ఞాపకం ఉంచుకోవాలి. వాటితో పాటే, తనకు కనబడనిదానిని లేదని పలికిన పండితునిగా కూడ జ్ఞాపకం ఉంచుకోవాలి. ఒక మనిషిలోని ఈ రెండు పార్శ్వాలనూ సమానమైన గౌరవంతో చూడగలగడమే విద్యకు ఫలం.